అర్ధరాత్రి ఫోను, ఆరింటి అలారం

విద్యార్థి నిద్రకు మొబైల్ ఫోను రెండు విధాలుగా అడ్డం వస్తుంది. పడుకునే వేళను వెనక్కి జరపడం ఒకటి, పట్టిన నిద్రను మధ్యలో తుంచడం రెండోది. పడుకునే వేళ ఎంత వెనక్కి జరిగినా లేచే వేళ మాత్రం అక్కడే ఉంటుంది, చిక్కంతా అందులోనే ఉంది. విశాఖపట్నంలో ఇంజనీరింగ్ కాలేజీలు చాలావరకు ఊరి శివార్లలోనో, ఊరు దాటాకో ఉంటాయి. గాజువాకలోనో కూర్మన్నపాలెంలోనో ఇల్లున్న కుర్రవాడు మధురవాడ వైపు కాలేజీకి వెళ్ళాలంటే ఏడు గంటల ప్రాంతంలో బస్సు కోసం రోడ్డు మీద నిలబడాలి. అంటే ఆరింటికైనా లేవాలి. రాత్రి పదిన్నరకు నిద్రపోతే ఏడున్నర గంటల నిద్ర. పన్నెండున్నర దాకా ఫోను చూస్తే అయిదున్నర గంటలు. వారంలో ఆరు రోజులు ఇలా గడిస్తే పన్నెండు గంటలు, అంటే ఒకటిన్నర రాత్రికి పైగా నిద్ర పోగొట్టుకున్నట్టే. ఆదివారం మిట్టమధ్యాహ్నం దాకా పడుకున్నా అది పూర్తిగా పూడదు.

వయసును బట్టి ఎంత నిద్ర కావాలో వైద్యులు లెక్క కట్టారు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వారికి రోజుకు 8 నుంచి 10 గంటలు కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. పద్దెనిమిది దాటి పాతికేళ్ళ లోపు వారికి 7 నుంచి 9 గంటలు అన్నది అమెరికాలోనే నేషనల్ స్లీప్ ఫౌండేషన్ 2015లో ఇచ్చిన లెక్క. ఇంటర్మీడియట్ చదివే పిల్లలు మొదటి వరసలోకి వస్తారు. వాళ్ళలో రెసిడెన్షియల్ కాలేజీలో ఉన్నవారి రోజు ఎలా నడుస్తుందో తెలుగునాట తల్లిదండ్రులకు వేరే చెప్పక్కర్లేదు. తెల్లవారకముందే ఒక స్టడీ అవర్, రాత్రి భోజనం తర్వాత మరో స్టడీ అవర్. అక్కడ ఫోను చేతికి ఇవ్వకపోయినా ఎనిమిది గంటల నిద్ర కుదరడం కష్టం. రెండేళ్ళు అలా గడిపి, బీటెక్‌లో చేరి, హాస్టల్ గదికి వచ్చేసరికి చేతిలో సొంత ఫోను, తలుపు తట్టి లైటు ఆర్పించే వార్డెను లేని రాత్రి రెండూ ఒకేసారి దొరుకుతాయి. విద్యార్థి రాత్రి అప్పటికే కురచబడి ఉంది. ఫోను వచ్చి మిగిలిన దాంట్లో వాటా అడుగుతోంది. ఈ సంగతి పక్కన పెట్టి తప్పంతా ఫోనుదేనని తేల్చడం తొందరపాటు.

నిద్రవేళను నడిపించే గడియారం మెదడులోనే ఉంది. కళ్ళ నుంచి వచ్చే నరాలు ఒకదాన్నొకటి దాటే చోటికి కాస్త పైన సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్ అనే చిన్న కణాల గుంపు ఉంటుంది. మొత్తం కలిపినా సుమారు ఇరవై వేల కణాలే. ఒళ్ళంతటికీ పగలు రాత్రి తెలిపేది ఇదే. జీవులకు ఇలాంటి లోపలి గడియారం ఒకటుందన్న అనుమానం పాతదే. ఫ్రాన్స్‌కు చెందిన జాక్ డి మైరాన్ 1729లో అత్తిపత్తి మొక్కను చీకట్లో ఉంచి చూస్తే, ఎండ తగలకపోయినా దాని ఆకులు వేళకు విప్పుకుని వేళకు ముడుచుకున్నాయి. జీవకణాల్లో ఈ గడియారం ఎలా తిరుగుతుందో కనిపెట్టినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అనే ముగ్గురికి 2017లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. ఈ గడియారానికి రోజూ వేళ సరిచేసేది వెలుతురు. కంటి రెటీనాలో చూపుకు సంబంధం లేని కొన్ని కణాలు మెలనాప్సిన్ అనే పదార్థంతో వెలుతురును పసిగట్టి, పగలో రాత్రో మెదడుకు చెబుతాయి. నీలి వెలుతురుకు ఇవి ఎక్కువగా స్పందిస్తాయి. చీకటి పడ్డాక పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. రాత్రి అయిందని ఒంటికి చాటింపు వేసేది అదే.

యుక్తవయసులో ఈ గడియారం కొంత ఆలస్యంగా నడుస్తుంది. అమెరికాలో మేరీ కార్స్‌కాడన్ దశాబ్దాల పాటు చేసిన పరిశోధనల్లో ఇది స్పష్టంగా బయటపడింది. పదేళ్ళప్పుడు తొమ్మిదింటికే తూగిన పిల్లవాడికి పదిహేడేళ్ళు వచ్చేసరికి పదకొండు దాకా నిద్ర రాకపోవచ్చు. అది మొండితనం కాదు, వయసు తెచ్చే మార్పు. పక్కెక్కాక ఖాళీగా దొర్లే ఆ గంటలోనే చెయ్యి తలగడ కిందికి పోతుంది.

విశాఖ విద్యార్థికి ప్రకృతి ఇచ్చిన వెసులుబాటు ఒకటుంది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడకు దగ్గరగా పోతుంది. విశాఖ దానికి కొంచెం తూర్పున ఉంది. గడియారం పన్నెండు చూపించేసరికి ఇక్కడ సూర్యుడు ఇంచుమించు నడినెత్తిన ఉంటాడు. అదే పశ్చిమ కొసన ద్వారకలో ఆ వేళకు సూర్యుడు నడినెత్తికి రావడానికి ఇంకా ముప్పావుగంట పైనే పడుతుంది. మే నెలలో విశాఖలో అయిదున్నర కాకముందే బాగా తెల్లారుతుంది. డిసెంబరులో సాయంత్రం అయిదున్నర లోపే పొద్దు గుంకుతుంది. పెందలాడే పడుకుని పెందలాడే లేవడానికి ఇంతకన్నా అనువైన సూర్యోదయం దేశంలో చాలా ఊళ్ళకు లేదు. ఆరుబయట పని చేసుకునే మత్స్యకారులు, రైతుబజారుకు కూరగాయలు తెచ్చే రైతులు ఇప్పటికీ ఆ వేళల్లోనే ఉన్నారు. విద్యార్థి ఆ వేళలు వదిలేశాడు. సాయంత్రం కోచింగ్ గదిలో ట్యూబులైటు, రాత్రి గదిలో ఎల్ఈడీ బల్బు, ఆ తర్వాత అరచేతిలో తెర. పొద్దు గుంకిన ఆరేడు గంటల తర్వాత గానీ అతని కళ్ళకు చీకటి ఎదురుకాదు.

ఫోను తెర వెలుతురు గురించి పత్రికల్లో, యూట్యూబుల్లో వినిపించే మాటలు కొంత అతిశయం. వెలుతురు ప్రభావం ఉన్నది నిజమే. 2014 డిసెంబరులో వెలువడిన ఒక ప్రయోగంలో పన్నెండు మందిని పడుకునే ముందు నాలుగు గంటల పాటు, కొన్నాళ్ళు తెర మీద పుస్తకం, కొన్నాళ్ళు కాగితం పుస్తకం చదివించారు. తెర మీద చదివినప్పుడు మెలటోనిన్ సగానికి పైగా అణగిపోయింది, మర్నాటి ఉదయం మగత ఎక్కువగా ఉంది. కానీ నిద్ర పట్టడంలో వచ్చిన తేడా సుమారు పది నిమిషాలే. ఆ ప్రయోగంలో వాడింది ఫోనుకన్నా పెద్ద తెర, అదీ నిండు వెలుతురుతో. తెరను పసుపుపచ్చగా మార్చే నైట్ మోడ్ వల్ల మేలెంత అని అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో 2021లో 167 మంది యువతీయువకులను పరీక్షించారు. ఆ సదుపాయం వాడినవారికీ వాడనివారికీ నిద్రలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నీలి వెలుతురును ఆపేందుకని అమ్మే కళ్ళద్దాలకు డబ్బులు పెట్టేముందు ఈ సంగతి తెలియడం మంచిది. పది నిమిషాలు వెలుతురు ఖాతాలో వేస్తే, మిగిలిన గంటన్నర, రెండు గంటలు ఎక్కడికి పోతున్నాయో చూడాలి.

అవి పోతున్నది తెరలో ఆడే బొమ్మలకు. పుస్తకానికి అధ్యాయం ఉంటుంది, సినిమాకు శుభం కార్డు ఉంటుంది, రేడియోలో కూడా ప్రసారాలు ముగిసే వేళ ఉండేది. రీల్స్‌కు అడుగు లేదు. వేలితో తోస్తున్న కొద్దీ కొత్త సరుకు దిగుతూనే ఉండే ఈ అమరికను 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనరు రూపొందించాడు. తర్వాత తానే అందుకు విచారం వెలిబుచ్చాడు. ఒకటి అయిపోగానే అడక్కుండానే ఇంకోటి మొదలయ్యే వీడియోలు, అవతలి మనిషి చదివినట్టు చూపే నీలం టిక్కులు, ఇరవై నాలుగు గంటల్లో మాయమయ్యే స్టేటస్‌లు, ఇవన్నీ ఆ కోవలోవే. చాలు అని చెప్పే చోటు వీటిలో ఎక్కడా ఉండదు.

దీనికి తోడు మన దేశంలో డేటా ప్యాకుల తీరు ఒకటి. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక నెలంతా పొదుపుగా వాడుకునే డేటా రోజువారీ కోటాగా మారింది. ఒకటిన్నర జీబీయో, రెండు జీబీయో. అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే పాత కోటా చెల్లిపోయి కొత్తది మొదలవుతుంది. మిగిలిన డేటా మర్నాటికి రాదు. హాస్టల్ గదిలో దీని ఫలితం కళ్ళారా చూడొచ్చు. పదకొండున్నరకు ఒకడు బ్యాలెన్సు చూసుకుని, ఇంకా ఎనిమిది వందల ఎంబీ ఉంది, ఊరికే పోతుందని సిరీస్ తెరుస్తాడు. పక్క మంచం మీది వాడి కోటా తొమ్మిదింటికే అయిపోయింది, వాడు పన్నెండు ఎప్పుడవుతుందా అని గడియారం చూస్తుంటాడు. పన్నెండు దాటి ఒక్క నిమిషం కాగానే వాడి ఫోనులో ఆగిపోయిన మెసేజీలన్నీ టింగుటింగుమంటూ వచ్చి పడతాయి. మూడోవాడు ఛార్జరు తీగ పొట్టిదని గోడవైపు తిరిగి, ప్లగ్గుకు తల ఆనించి పడుకుని ఆట ఆడుతుంటాడు. నాలుగోవాడికి ఫోను మీద మోజు లేదు, నిద్ర కావాలి. మిగతా ముగ్గురి తెరల వెలుతురులో, గుసగుసల్లో అతనికీ అది దొరకదు. నలుగురున్న గదిలో నిద్ర ఒక్కరి చేతిలో ఉండే వస్తువు కాదు. ఇంటి వాతావరణాన్ని లెక్కగట్టి ఇచ్చే సలహాలు హాస్టళ్ళలో పనిచేయకపోవడానికి ఇది ముఖ్య కారణం.

అలసిపోయి ఉండి కూడా విద్యార్థి ఎందుకు పడుకోడు? నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ఈ ప్రశ్నను పట్టించుకున్నారు. ఆపే కారణమేదీ బయట లేకున్నా, పడుకోవాలనుకున్న వేళకు పడుకోకుండా వాయిదా వేయడాన్ని వాళ్ళు ప్రత్యేకంగా పరిశీలించారు. తమను తాము అదుపు చేసుకోవడం కష్టమనిపించే వారిలో ఇది ఎక్కువని తేల్చారు. ఆ అదుపు రోజు చివరికి తగ్గిపోయి ఉంటుందని ఎవరికైనా అనుభవమే. పొద్దున బస్సు, పగలు క్లాసులు, ల్యాబులు, సాయంత్రం కోచింగ్, రాత్రి రికార్డు రాయడం. ఇవన్నీ అయ్యాక ఎవరూ ఏమీ అడగని వేళ పదకొండు తర్వాతే మొదలవుతుంది. ఆ గంటను నిద్రకిచ్చేస్తే రోజులో తనదంటూ ఏమీ మిగల్లేదనిపిస్తుంది. ఇది గ్రహించని ఉపదేశం ఎంత గట్టిగా చెప్పినా విద్యార్థి చెవికెక్కదు.

నిద్ర ఎన్ని గంటలన్నది ఒక సంగతి, ఎలాంటి నిద్రన్నది మరొకటి. నిద్ర తొంభై నిమిషాల చొప్పున విడతలు విడతలుగా సాగుతుంది. రాత్రి మొదటి భాగంలో గాఢనిద్ర ఎక్కువ, తెల్లవారుజామున కలలొచ్చే నిద్ర ఎక్కువ. ఆలస్యంగా పడుకుని అలారంతో లేచేవాడు ప్రధానంగా పోగొట్టుకునేది ఆ రెండోదాన్ని. మధ్యరాత్రి మెసేజి శబ్దానికి మెలకువ వచ్చి, వేళ చూద్దామని ఫోను తీసి, ఇంకేదో చూసి ఇరవై నిమిషాల తర్వాత పడుకుంటే విడత తెగుతుంది. విశాఖ రాత్రులకు ఉక్క ఎలాగూ ఉంది, దోమలున్నాయి, హార్బరుకు వెళ్ళే లారీల మోత ఉంది. వీటికి ఫోను తోడైతే తెల్లవార్లూ కలత నిద్రే. నిద్ర నాణ్యతను కొలవడానికి పరిశోధకులు ఎక్కువగా వాడేది 1989లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో తయారైన ప్రశ్నపత్రం. గడిచిన నెల రోజుల్లో నిద్ర పట్టడానికి ఎంతసేపు పట్టింది, ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, పగలు ఎంత మగతగా ఉంది, ఇలా ఏడు అంశాలకు మార్కులు వేసి కూడతారు. మొత్తం 21లో అయిదు దాటితే నిద్ర బాగా లేనట్టు.

చదువుకునేవారికి నిద్రతో నేరుగా పని ఉంది. పగలు నేర్చుకున్నది ముందు హిప్పోక్యాంపస్ అనే భాగంలో తాత్కాలికంగా నిలుస్తుంది. నిద్రలో మెదడు ఆ పాఠాన్ని మళ్ళీ మళ్ళీ తిరగేసి, ఎక్కువకాలం నిలిచే చోటికి చేరుస్తుంది. రాత్రి రెండు దాకా చదివి ఆరింటికి లేచినవాడు చదివిన పేజీలు పెరుగుతాయి, నిలిచిన పేజీలు తగ్గుతాయి. 

తనకు ఆరు గంటలు చాలని, అలవాటైపోయిందని చెప్పే విద్యార్థులు ప్రతి క్లాసులోనూ ఉంటారు. ఆ ధీమాను పరీక్షించిన ప్రయోగం ఒకటుంది. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 48 మంది ఆరోగ్యవంతుల్లో కొందరిని వరసగా పద్నాలుగు రోజులు రాత్రికి నాలుగు గంటలు, కొందరిని ఆరు, కొందరిని ఎనిమిది గంటలు పడుకోనిచ్చారు. రోజూ శ్రద్ధకు, జ్ఞాపకానికి పరీక్షలు పెట్టారు. ఎనిమిది గంటల వారు నిలకడగా ఉన్నారు. నిద్ర తగ్గించిన వారి ఫలితాలు రోజురోజుకూ దిగజారి, రెండు వారాల చివరికి రాత్రుళ్ళు అసలు నిద్రలేనివారి స్థాయికి పడిపోయాయి. అంతకన్నా ముఖ్యం, పెద్దగా నిద్ర వస్తున్నట్టు లేదనే వాళ్ళు చెప్పుకొచ్చారు. చురుకు తగ్గినవాడికి తన చురుకు తగ్గిన సంగతే తెలియదు. ఆరు గంటలకు అలవాటు పడ్డామనుకునేవారు అలవాటు పడింది ఆ మాంద్యానికే.

పరీక్షల ముందు ‘నైటౌట్’ చేయడం ఇంజనీరింగ్ హాస్టళ్ళలో ఒక ఆచారం. సెమిస్టర్ అంతా వాయిదా వేసిన అయిదు యూనిట్లను తెల్లవారే లోపు చూసేయడం దాని ఉద్దేశం. అమెరికాలోని ఎంఐటీలో ఒక కోర్సు విద్యార్థులు వందమందికి చేతి పట్టీలు కట్టి సెమిస్టర్ పొడుగునా వారి నిద్రను నమోదు చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. మార్కుల్లోని తేడాల్లో దాదాపు పాతిక శాతానికి నిద్ర తీరుతో సంబంధం కనిపించింది. బాగా నిద్రపోవడమే కాదు, రోజూ ఒకే వేళకు నిద్రపోవడం కూడా లెక్కకు వచ్చింది. పరీక్ష ముందు ఒక్క రాత్రి బాగా పడుకోవడానికీ మార్కులకూ మాత్రం సంబంధం కనిపించలేదు. నెలంతా పాడుచేసుకున్న నిద్రను ఆఖరి రాత్రి సరిచేయలేరన్నమాట.

మనసు సంగతికి వస్తే, నిద్ర చాలని మర్నాడు చిన్నమాటకే కోపం రావడం, కారణం లేకుండా దిగులు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం అందరూ ఎరిగినవే. భయాన్ని, కోపాన్ని రేపే అమిగ్డలా అనే మెదడు భాగం ఒక రాత్రంతా నిద్రలేనివారిలో దాదాపు 60 శాతం ఎక్కువ తీవ్రంగా స్పందించిందని 2007లో ఒక అధ్యయనం చూపింది. దాన్ని అదుపులో పెట్టే నుదుటి భాగపు పట్టు కూడా ఆ స్థితిలో సడలుతుంది. ఇలాంటి స్థితిలో ఉన్న మనిషి అర్ధరాత్రి చూసేది ఏమిటన్నదీ ఆలోచించాలి. తోటివాడికి వచ్చిన క్యాంపస్ ఉద్యోగం పోస్టు, స్నేహితులు తనను పిలవకుండా అరకు వెళ్ళిన ఫొటోలు, తన ఫొటో కింద ఎవరో పెట్టిన వెకిలి మాట. పగలైతే నవ్వి వదిలేసేది, రాత్రి ఒంటిగంటకు గుండెలో ముల్లవుతుంది. చెప్పుకోవడానికి అప్పుడు మేలుకుని ఉన్నవారు ఉండరు. ఆడపిల్లలకు ఈ బాధ ఇంకొంచెం ఎక్కువ. వేధించేవారు ఎంచుకునేదీ ఆ వేళనే.

నిద్ర చెడటం మానసిక బాధకు లక్షణం మాత్రమేనా, కారణం కూడానా అన్న ప్రశ్నకు విద్యార్థుల మీదే జరిగిన ఒక పెద్ద ప్రయోగం జవాబిచ్చింది. బ్రిటన్‌లోని 26 విశ్వవిద్యాలయాల నుంచి నిద్రలేమితో బాధపడుతున్న 3,755 మంది విద్యార్థులను ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు నిద్రను బాగుచేసే మానసిక చికిత్సను ఆన్‌లైన్లో అందించారు, రెండో జట్టుకు మామూలుగా దొరికే సాయమే. 2017లో ఫలితాలు వచ్చాయి. చికిత్స పొందినవారి నిద్ర బాగుపడటంతో పాటు అనుమానాలు, భ్రాంతులు తగ్గాయి, దిగులు, ఆందోళన కూడా తగ్గుముఖం పట్టాయి. నిద్రను సరిచేస్తే మనసూ కుదుటపడుతుందని దీనివల్ల తేలింది. 

ఫోనుకూ మనసుకూ నేరుగా ఎంత లంకె ఉందన్న దగ్గర మాత్రం పరిశోధకులు ఏకమాట మీద లేరు. లెక్కలోకి తీసుకోనక్కర్లేనంత చిన్న సంబంధమని పరిశోధకులు ఎమీ ఆర్బెన్, ఆండ్రూ ప్రిజ్‌బిల్‌స్కీ 2019లో చూపారు. మూడు లక్షల యాభై వేల మందికి పైగా కౌమారుల సమాచారం తిరగేస్తే, వారి క్షేమంలోని తేడాల్లో 0.4 శాతానికి మించి డిజిటల్ వాడకంతో ముడిపడలేదు. అయితే ఆ లెక్క రోజు మొత్తం వాడకానిది. పగలు నాలుగింటికి చూసిన గంటనూ రాత్రి ఒంటిగంటకు చూసిన గంటనూ ఒకే గాటన కట్టిన లెక్కల్లో రాత్రి వాడకం చేసే చేటు మరుగున పడిపోతుంది. మన వైద్య కళాశాలల్లో ఏటా జరిగే సర్వేలకు ఇంకో లోపం ఉంది. ఒకే రోజున ప్రశ్నపత్రాలు పంచి, ఫోను ఎక్కువగా చూసేవారికి నిద్ర తక్కువని, దిగులు ఎక్కువని చెబుతారు. దిగులుతో నిద్రపట్టక ఫోను పట్టుకున్నవారు వారిలో ఎందరో ఆ సర్వేల్లో తెలియదు. ఈ మూడూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయన్నదే వైద్యులకు ఎక్కువగా ఎదురయ్యే అనుభవం. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఫోను, ఇంటర్నెట్ వాడకం అదుపు తప్పినవారి కోసం 2014లోనే ప్రత్యేక క్లినిక్ తెరవాల్సి వచ్చింది.

ఫోను అందుబాటు ఎంత పెరిగిందో, గ్రామీణ పిల్లల చదువుపై జరిగే అసర్ సర్వే 2024 నివేదిక చెబుతుంది. గ్రామీణ భారతంలో పద్నాలుగు నుంచి పదహారేళ్ళ పిల్లల్లో ఎనభై శాతానికి పైగా స్మార్ట్‌ఫోను వాడటం తెలిసినవారే. సర్వేకు ముందు వారంలో చదువు పనికి దాన్ని వాడినవారు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవారు 76 శాతం. 2020లో కరోనా వచ్చి బడులు మూతపడినప్పుడు క్లాసుల కోసం పిల్లల చేతికి వెళ్ళిన ఫోను, బడులు తెరిచాక తిరిగి పెద్దల చేతికి రాలేదు.

ఇప్పుడు పరిష్కారాల సంగతి. నిద్రను కాపాడుకునే విషయంలో విశాఖకు తనదైన అనుభవం ఉంది. 1933లో మొదలైన పోర్టు, ఆ తర్వాత చమురు శుద్ధి కర్మాగారం, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం, ఇవన్నీ రాత్రింబగళ్ళు నడిచేవే. బ్లాస్ట్ ఫర్నేసును రాత్రి ఆర్పి పొద్దున వెలిగించడం కుదరదు, అందుకే మూడు షిఫ్టులు. రాత్రి షిఫ్టు ఒంటికి ఎంత చేటో కార్మికులకు బాగా తెలుసు. అలాంటి పనిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనే క్యాన్సర్ కలిగించే అవకాశమున్న వాటి జాబితాలో చేర్చింది. నైట్ షిఫ్టు మనిషి ఉన్న ఇంట్లో పగటి నిద్రకు ఎంత కాపలా ఉంటుందో ఉక్కునగరంలోనో శ్రీహరిపురంలోనో చూడొచ్చు. కిటికీకి దళసరి తెర, మూసిన గది తలుపు, టీవీ గొంతు నొక్కడం, పిల్లల ఆటలు వీధిలోకి, కుక్కరు విజిలు పెట్టాల్సి వస్తే అవతలి వంటింటి తలుపు దగ్గరికి వేయడం. ఆయన నిద్రపోతున్నారు అన్న ఒక్క మాటకు చుట్టాలు కూడా వెనుదిరుగుతారు. నిద్రను ఇంటిల్లిపాదీ కలిసి కాపాడటం ఈ ఊరికి కొత్తేమీ కాదు. అదే ఇంట్లో చదువుకునే పిల్ల రాత్రి నిద్రకు ఆ మర్యాద దక్కడం లేదు.

ఆచరణలో బాగా పనిచేసేది ఫోనును పడకకు చెయ్యందనంత దూరంలో పెట్టడం. అలారం కోసమే ఫోను దగ్గర పెట్టుకున్నామంటారు చాలామంది. జగదాంబ సెంటరులో, పూర్ణా మార్కెట్లో అలారం గడియారాలు ఇంకా దొరుకుతున్నాయి, ధర కూడా ఒక నెల రీఛార్జికి మించదు. రెండోది, ఆదివారంతో సహా ఒకే వేళకు లేవడం. ఆదివారం పన్నెండు దాకా పడుకున్నవాడికి ఆ రాత్రి నిద్ర పట్టదు, సోమవారం పొద్దున కష్టం తప్పదు. మూడోది పగటి వెలుతురు. ఉదయాన్నే అరగంట ఎండలో తిరిగినవారి గడియారం ముందుకు జరుగుతుంది, రాత్రి వెలుతురు వారిని అంతగా ఇబ్బంది పెట్టదు. సముద్రతీరం ఉన్న ఊళ్ళో దీనికి వేరే ఏర్పాటు అక్కర్లేదు. సాయంత్రం కోచింగ్ విరామంలో తాగే టీ, కాఫీల ప్రభావం అయిదారు గంటల పైనే ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి. నిద్ర రాకపోతే మంచం మీదే ఫోను చూసేకన్నా లేచి, చిన్న దీపం వెలుతురులో కాగితం పుస్తకం చదవడం మేలు.

ఇంట్లో తండ్రి పదకొండింటి దాకా వాట్సాప్ వీడియోలు చూస్తూ పిల్లవాణ్ని పదింటికి ఫోను ఇచ్చేయమంటే ఆ నియమం నాలుగు రోజులు కూడా నిలవదు. ఇంటిల్లిపాది ఫోన్లూ ముందుగదిలో ఒకే చోట ఛార్జింగుకు పెట్టే ఇళ్ళలో గొడవ తక్కువ.

హాస్టళ్ళలో రాత్రి వైఫై ఆపేయడం చాలా యాజమాన్యాలకు తోచే మొదటి ఉపాయం. ప్రతి ఫోనులో మొబైల్ డేటా ఉన్న రోజుల్లో దానివల్ల ఒరిగేది స్వల్పం. అంతకన్నా ఒక గదిలోని నలుగురూ ఒప్పుకుని పెట్టుకున్న లైట్లార్పే వేళ ఎక్కువ పనిచేస్తుంది. కాలేజీలు మొదటి పీరియడ్‌ను అరగంట వెనక్కి జరపడం, రాత్రి పది తర్వాత క్లాసు గ్రూపుల్లో అసైన్‌మెంట్ల కబుర్లు పెట్టకుండా అధ్యాపకులు ఆగడం ఖర్చు లేని పనులు. అమెరికా శిశువైద్యుల అకాడమీ పెద్ద పిల్లల బడులు ఎనిమిదిన్నరకు ముందు మొదలుపెట్టవద్దని 2014లోనే కోరింది. కాలిఫోర్నియాలో హైస్కూళ్ళకు 2022 జులై నుంచి అదే చట్టమైంది. మన ఇంటర్ కాలేజీల తెల్లవారుజాము స్టడీ అవర్ నిద్రకు చేసే నష్టం ఏ ఫోనుకూ తీసిపోదు. దాన్ని తీసేయడమే న్యాయం.

కాలేజీల బాధ్యత ఇప్పుడు కేవలం మంచి మాటగా మిగల్లేదు. 2023 జులైలో విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణంపై నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు ఇస్తూ, విద్యార్థుల మానసిక ఆరోగ్యం కోసం దేశమంతటా పాటించాల్సిన పదిహేను మార్గదర్శకాలు జారీ చేసింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హత ఉన్న కౌన్సిలరును గానీ సైకాలజిస్టును గానీ నియమించుకోవాలి. మార్కులను బట్టి పిల్లలను బ్యాచులుగా విడగొట్టకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. సాయం కోసం పిలవాల్సిన నంబర్లు హాస్టళ్ళలో, క్లాసుల్లో పెద్ద అక్షరాలతో కనబడాలి. కోచింగ్ కేంద్రాలకూ ఇవి వర్తిస్తాయి. ద్వారకానగర్‌లో పిల్లలను చేర్పించే తల్లిదండ్రులు ఫీజు, ర్యాంకుల వివరాలతో పాటు కౌన్సిలరు ఎవరు, ఏ వేళల్లో దొరుకుతారు అని అడగడం వారి హక్కు.

వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలుగా నిద్ర పట్టకపోయినా, దిగులు రెండు వారాలు దాటి వదలకపోయినా, బతుకు మీద విరక్తి మాటలు వినిపించినా ఇంటి చిట్కాలతో సరిపెట్టకూడదు. మెడికల్ షాపులో సొంతంగా నిద్రమాత్రలు కొనడం అసలే వద్దు. విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. నడిరాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవ ఉంది. దాని నంబరు 14416. రోజంతా, రాత్రంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, కాల్‌కు ఖర్చు లేదు.